సంతకానికి ముందు

ఈ ఆదివారమంతా పటాన్‌చెరులోని యూనియన్ కార్యాలయంలో పధ్నాలుగు మంది ప్రతినిధులకు శిక్షణ ఇవ్వడంతోనే గడిచిపోయింది. ఉద్యోగం పోబోతున్న కార్మికుడికి తోడుగా నిలబడడం ఎలాగన్నదే విషయం. కిందటిసారి చట్టంతో మొదలుపెట్టి భోజనాల వేళకే సగం మందిని నిద్రపుచ్చిన అనుభవం ఉంది కనుక, ఈసారి రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించి, ఒకరిని కార్మికుడిగా, ఒకరిని ప్రతినిధిగా కూర్చోబెట్టాను.

ప్యాకింగ్ విభాగంలో పనిచేసే పెద్దాయన కార్మికుడి పాత్ర తీసుకుని, రేపు సాయంత్రంలోగా రాజీనామా రాసివ్వమంటున్నారని చెప్పాడు. ఎదుట కూర్చున్న యువకుడు వెంటనే సెక్షన్లు అప్పజెప్పసాగాడు. కాసేపు విని, "అదంతా సరే తమ్ముడూ, ఇంటికెళ్లి ఏం చెప్పమంటావు?" అని పెద్దాయన అడిగేసరికి గది మొత్తం నిశ్శబ్దమైపోయింది. నా దగ్గరా సమాధానం లేదు. కానీ ఆ ప్రశ్న వినకుండా మనం ఎంత చట్టం చెప్పినా అతనికి వినపడదని, రాజీనామా మీద మాత్రం ఆ రోజు సంతకం పెట్టవద్దని ముందుగా చెప్పి, ఆ తరువాత అతను చెప్పేది వినాలని అన్నాను. స్వయంగా రాజీనామా చేశాడని కాగితం మీదకు ఎక్కితే అది తొలగింపు కాకుండా పోతుంది, దానితో పాటే తొలగింపు పరిహారమూ పోతుంది.

మధ్యాహ్నం లెక్కలు చేశాం. 2025 నవంబరు 21న కొత్త కార్మిక చట్టమైన పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చినా, తొలగించేటప్పుడు ఇవ్వాల్సిన, నెల రోజుల నోటీసు లేదా దానికి బదులు వేతనం, ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం అన్న పాత లెక్క మారలేదు. నెలకు 18,000 రూపాయల జీతంతో 11 ఏళ్ల 7 నెలలు పనిచేసిన వ్యక్తికి, ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా తీసుకుంటే, 12 ఏళ్లకు 1,08,000 రూపాయలు వస్తుంది. ఉద్యోగం వీడేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీకి మాత్రం అదే నెల జీతాన్ని 30తో కాక 26తో భాగించి లెక్కిస్తారు కనుక అది దాదాపు 1,24,615 రూపాయలవుతుంది. ఈ 26 దగ్గర దాదాపు అందరూ తడబడ్డారు.

పేపర్లలో లేఆఫ్ అని రాసేదానికి, చట్టంలోని లేఆఫ్‌కు తేడా చెప్పడానికి అరగంట పట్టింది. చట్టంలోని లేఆఫ్‌లో పని తాత్కాలికంగా ఆగుతుంది, పేరు మస్టర్‌లోనే, అంటే హాజరు పట్టీలోనే ఉంటుంది. శాశ్వతంగా తీసివేయడం రిట్రెంచ్‌మెంట్. తొలగింపుకు ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి కావడానికి కర్మాగారంలో ఉండాల్సిన కార్మికుల సంఖ్యను కొత్త కోడ్ 100 నుంచి 300కు పెంచిందని చెప్పినప్పుడు, తమ కర్మాగారంలో ఎందరున్నారో ఒక్కొక్కరూ మనసులో లెక్కపెట్టుకోవడం వారి ముఖాల్లోనే కనిపించింది. నా దృష్టిలో చిన్న యూనిట్ల వారికి పోయినది ఆ అనుమతి దశలో తమ మాట చెప్పుకునే అవకాశమే. తొలగించినవారి ఖాతాలో 45 రోజుల్లోగా 15 రోజుల వేతనం జమ చేసే పునర్నైపుణ్య నిధి (కొత్త పని నేర్చుకోవడానికని ఉద్దేశించినది) దానికి సాటి రాదు.

చివరగా, మీ సొంత అపాయింట్‌మెంట్ లెటర్లు ఎవరి దగ్గర ఉన్నాయని అడిగాను. పధ్నాలుగు మందిలో అయిదుగురే చేతులెత్తారు. సీనియారిటీ జాబితాలో తమ స్థానమేదో ఇద్దరికే తెలుసు. వచ్చే ఆదివారం కొత్త పాఠమేదీ పెట్టుకోవడం లేదు. ఆ లెటరు, పే స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్కు నకళ్లతో రమ్మని, ముందుగా వారి ఫైళ్లనే కట్టిద్దామని చెప్పి పంపించాను.