మనవడి జబ్బకు టేపు

నేను హనుమకొండలో అంగన్‌వాడీ టీచర్‌ని. మా బిడ్డ కొడుకు కూడా ఇప్పుడు మా సెంటర్‌కే వస్తున్నాడు. అక్కడ అందరిలాగే టీచర్ అని పిలవమంటే, రెండూ కలిపి ‘అమ్మమ్మ టీచర్’ చేసేశాడు.

నెలనెలా పిల్లల బరువు, ఎత్తు చూసి, జబ్బకు టేపు చుడతాం. 12.5 సెంటీమీటర్ల నుంచి పైకి ఆకుపచ్చ, అంటే బాగున్నట్టు. దానికంటే తగ్గితే పసుపు, 11.5 కంటే తగ్గితే ఎరుపు, అంటే పోషణ బాగా తగ్గినట్టు. మిగతా పిల్లలకు చుట్టినప్పుడు అంకె కనిపిస్తుంది. మనవడికి చుడితే అంకె కంటే ముందు భయం వస్తుంది. ఎప్పుడూ ఆకుపచ్చలోనే ఉంటాడు, అయినా సరే. ఆ భయంలో వాడి గురించి ఉన్నది కొంచెమే. వీడికేమన్నా అయితే నేనేమైపోతానన్నదే ఎక్కువ.

“వాడికి ఇంకో గుడ్డు పెడితే ఏం పోతదే అమ్మా?” అంటుంది మా బిడ్డ. లెక్కకు వచ్చే గుడ్లు. వాడికి రెండోది కావాలంటే ఇంకో పిల్ల పళ్లెంలోంచి తీయాలి.

మమకారం వదలాలనగానే ప్రవచనాల్లో జడభరతుడి కథ ఎత్తుకుంటారు. భాగవతమంటే మనకు పోతనే, ఆయన ఊరు బమ్మెర మాకు దగ్గరే కాబట్టి కాస్త గర్వం కూడా. కానీ ఈ కథ ఉన్న ఐదో స్కంధం తెనిగించింది గంగన. సింహం గర్జనకు బెదిరిన లేడి ఏట్లోకి దూకి, పిల్లను ఈని చచ్చిపోతుంది. అన్నీ వదిలి అక్కడ తపస్సు చేసుకుంటున్న భరతుడు ఆ పిల్లను తీసి సాకుతాడు. చివరికి దాని ధ్యాసలోనే ప్రాణం విడిచి లేడిగా పుడతాడు. నీళ్లలోంచి తీయడమే తప్పన్నట్టు చెప్తారు కొందరు. నాకది నచ్చదు. తీయకుండా కూర్చుంటే అదేం తపస్సు? ఆ ఒక్క పిల్ల తప్ప ఇంకేదీ కంటికి ఆనకపోవడం దగ్గర వచ్చింది చిక్కు.

మనవడి మీద ప్రేమ తగ్గించుకోవడం నా వల్ల కాదు, ఆ అవసరమూ లేదు. వాడు దగ్గితే నా చెవి అటే పోతుంది. మూలన కూర్చున్న పిల్ల దగ్గినా అట్లాగే పోతోందా అని చూసుకుంటాను.

అసలు కష్టం ఇంకోచోట ఉంది. చిన్నపిల్లలకిచ్చే బాలామృతం పిండి ప్యాకెట్ల దగ్గర ఒక తల్లి పదిమందిలో నన్ను నానా మాటలంది. ఆమె పెద్దబిడ్డ మా దగ్గరే కూర్చుంటుంది. ఆ పిల్ల వచ్చి కొంగు పట్టుకుంటే తల్లి మొహమే గుర్తొచ్చేది. ఈమధ్య ఆ మొహం గుర్తు రావట్లేదు. ఇక ఆ తల్లి మీద ప్రేమంటారా, అంతదూరం ఇంకా పోలేదు. గేటు దగ్గర కనిపిస్తే “తిన్నవా?” అని అడుగుతున్నా. ఆమె కూడా తలకాయ ఊపుతోంది.