పిన్ 3 ఎటు పోయింది?

ఇవాళే స్పీకర్ల రొద ఆగింది. కడుపుమంట చల్లారక ముందే రాసేస్తున్నా.

బెంగళూరు మారతహళ్ళిలో ఫ్లాట్. కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ మీద డాక్ (డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె), దానికి ఆర్‌సీఏ (నడుమ ఒక పిన్ను, చుట్టూ రింగు ఉండే ప్లగ్గు) అవుట్ ఒక్కటే. 5 మీటర్ల అవతల పవర్డ్ స్పీకర్లు (ఆంప్లిఫయర్ లోపలే ఉన్నవి). వాటికి ఆర్‌సీఏ, ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల ఆడియో ప్లగ్గు: 1 గ్రౌండు, 2, 3 సిగ్నల్ జంట) రెండూ ఉన్నాయి. ఆర్‌సీఏ పెడితే పాట లేకపోయినా గుయ్యిమని హమ్. కంప్యూటర్‌కీ, స్పీకర్లకీ మూడు పిన్నుల కరెంటు ప్లగ్గులే కాబట్టి ఎర్త్ లూప్ పడింది, అంటే గోడలోని ఎర్త్ వైరూ, ఆడియో వైరూ కలిసి ఒక చుట్టు తయారైంది. ఆర్‌సీఏలో సిగ్నల్ తిరిగొచ్చే దారీ, షీల్డూ (వైర్ చుట్టూ ఉండే లోహపు అల్లిక) ఒకటే. లూప్‌లో పారే 50 హెర్ట్జ్ కరెంటు నేరుగా పాటలో కలుస్తుంది. ఎర్త్ పిన్ను పీకేయమనే మహానుభావుడు ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఒకడుంటాడు. ప్రాణాల మీదికొస్తుంది, వినకండి.

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో ఒక కొట్టుకెళ్ళా. ఒకవైపు ఆర్‌సీఏ, ఇంకోవైపు ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న రెడీమేడ్ వైర్ ముందు పెట్టాడు. "ఇందులో పిన్ 3 ఎటు పోయింది?" అనడిగా. పిన్ 2కీ 3కీ విడివిడి వైర్లుంటేనే అది బ్యాలెన్స్‌డ్‌గా పనిచేస్తుంది, అంటే స్పీకర్ ఆ రెండింటి తేడాను తీసుకుంటుంది. "ఎక్స్‌ఎల్‌ఆర్ అంటేనే బ్యాలెన్స్‌డ్ సార్, ఇంకేం కావాలి?" అంటూ పక్కవాళ్ళ వైపు తిరిగి నవ్వాడు. మల్టీమీటర్ పెట్టి చూస్తానంటే "కొన్నాక ఇంట్లో చూస్కోండి" అన్నాడు. ప్లగ్గులైనా పనికొస్తాయని కొని, గుమ్మం దగ్గరే మూత విప్పా. లోపల సింగిల్ కోర్ వైర్, పిన్ 1కీ 3కీ మధ్య చిన్న జంపర్ (రెంటినీ కలిపే వైరు ముక్క). ఆర్‌సీఏ వైరుకే కోటు తొడిగి అమ్ముతున్నారన్నమాట! చూపిస్తే "విప్పేశారుగా సార్, వాపసు తీసుకోం" అన్నాడు. ఆ నవ్వు మాత్రం అప్పుడు లేదు.

వేరే కొట్లో టూ కోర్ షీల్డెడ్ మైక్ వైర్ మీటర్ల లెక్కన దొరికింది. ఆ జంపర్ పీకేసి, ఒక కోర్‌ను ఆర్‌సీఏ నడిమి పిన్ను నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్ 2కి, రెండోదాన్ని ఆర్‌సీఏ బయటి రింగు నుంచి పిన్ 3కి సోల్డర్ చేశా. షీల్డు పిన్ 1కి మాత్రమే. ఆర్‌సీఏ వైపు దాన్ని కత్తిరించి హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) వేశా. ఇప్పుడు స్పీకర్ 2కీ 3కీ మధ్య తేడానే తీసుకుంటుంది, రెండింటిమీదా సమానంగా వచ్చిన హమ్‌ను కొట్టేస్తుంది. మల్టీమీటర్ పెడితే 3కీ రింగుకీ మధ్య బీప్ రావాలి, 1కీ రింగుకీ మధ్య రాకూడదు (వైర్ ఎక్కడా గుచ్చకుండా, విడిగా ఉన్నప్పుడు చూడాలి). ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నుల మీద సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే లోపలి ప్లాస్టిక్ కరిగి పిన్ను వంకరపోతుంది. రెండు పిన్నుల అడాప్టర్‌తో నడిచే, ఎర్త్ తగలని ప్లేయరైతే షీల్డు రెండువైపులా కలపండి.

ఎదురు దిశలో, ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్ నుంచి ఆర్‌సీఏకి వెళ్తుంటే, మాన్యువల్ చూడకుండా పిన్ 3ని గ్రౌండుకి కలపొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌కి కలపాలి, కొన్ని ఎలక్ట్రానిక్ అవుట్‌లకి వదిలేయాలి.

షోరూముల్లో "బ్యాలెన్స్‌డ్ సౌండ్ చూడండి" అంటారే, నమ్మకండి. సాధారణంగా ఆర్‌సీఏ 2 ఓల్టులు, ఎక్స్‌ఎల్‌ఆర్ 4 ఓల్టులు, అంటే 6 డీబీ (డెసిబెల్స్) ఎక్కువ, అందుకే గట్టిగా వినిపిస్తుంది. వాల్యూమ్ సమానం చేసి వినిపించమనండి. మీటరు దూరంలో హమ్ లేకుండా ఆర్‌సీఏ పాడుతుంటే దాన్ని కదపనే వద్దు.