బెలుం గుహల్లో మిగిలిన చీకటి

హైదరాబాదులోని పాత ఇళ్ళలో బేతంచెర్ల బండలు పరచని వరండా అరుదు. ఆ బండలను ఇచ్చిన కర్నూలు ప్రాంతపు సున్నపురాతి నేలలోనే, కొలిమిగుండ్ల దగ్గర, బెలుం గుహలు ఉన్నాయి. వాననీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని పలుచని ఆమ్లంగా మారి, రాతి పగుళ్ళలోకి దిగి, లక్షల ఏళ్ళపాటు రాతిని కరిగించుకుంటూ పోయిన దారులే ఈ గుహలు.

1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశారు. దాదాపు వందేళ్ళ తరువాత, 1982–83లో, డేనియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం లోపలికి దిగి వీటిని వివరంగా పరిశీలించింది. మొత్తం పొడవు 3,229 మీటర్లని లెక్క. పర్యాటకులకు తెరిచింది సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు. మిగిలినదాన్ని కూడా ఎప్పుడు తెరుస్తారని అక్కడికి వెళ్ళివచ్చిన మిత్రులు తరచుగా అడుగుతుంటారు. తెరవకపోవడమే మేలని నా అభిప్రాయం.

అందుకు కారణం విద్యుద్దీపాల దగ్గరే కనిపిస్తుంది. గంటల తరబడి వెలిగే దీపానికి ఎదురుగా ఉన్న తడి రాతిని దగ్గరగా చూస్తే, వెలుతురు పడినంత మేర పలుచని ఆకుపచ్చ పూత, దాని అంచున నాచు పొర, వెలుగు అందని చోట మళ్ళీ మామూలు రాయి కనిపిస్తాయి. మనుషుల బట్టలకు, గాలికి అంటుకుని వచ్చిన సూక్ష్మబీజాలు దీపం ఆసరాతో మొలిచి, రాతి పైపొరను తినేస్తాయి. ఫ్రాన్సులోని లాస్కో గుహను 1948లో సందర్శకులకు తెరిచి, వారి ఊపిరివల్లా దీపాలవల్లా ఆదిమానవుల చిత్రాలు పాడవుతున్నాయని 1963లో మూసివేయవలసి వచ్చింది.

నష్టం రాతితో ఆగదు. ఎండ సోకని చోట మొక్క పెరగదు కనుక, గుహలోని జీవులకు ఆహారం దాదాపుగా బయటినుంచే రావాలి. వరదలో కొట్టుకొచ్చిన ఆకులు, గబ్బిలాల పెంట, అంతే. అంత తక్కువ తిండితో బతికే జీవులు నెమ్మదిగా పెరుగుతాయి, తక్కువ పిల్లలను కంటాయి, ఒకసారి తగ్గితే కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది. ఆంధ్రప్రదేశ్ భూగర్భ జలాల్లో దొరికిన, కళ్ళు లేని ఒక చిన్న జీవికి 2011లో శాస్త్రవేత్తలు ‘ఆంధ్రకాయిడిస్’ అనే కొత్త ప్రజాతిని ఏర్పరచారు. రొయ్యలూ పీతలూ ఉన్న వర్గానికే చెందిన ఈ జీవికి దగ్గరి బంధువులు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. భారతదేశం, ఆస్ట్రేలియా రెండూ గోండ్వానా అనే ప్రాచీన మహాఖండంలో ఒకటిగా ఉన్న కాలపు వంశం అది. మన బోరుబావి నీటి పక్కనే ఇంత పాత కుటుంబం కాపురముంటోందని తెలిసినప్పుడు నాకు బెలుం కన్నా అదే పెద్ద వింతగా తోచింది.

ద్వారానికి గేటు పెట్టి టికెట్ అమ్మినంత మాత్రాన గుహకు రక్షణ దొరకదు. ఇసుక నేల నీటిని వడగట్టినట్టు సున్నపురాయి వడగట్టదు. పైన పొలంలో చల్లిన పురుగుమందు, ఊరి మురుగు పగుళ్ళగుండా నేరుగా కిందికి చేరతాయి. కాబట్టి కాపాడవలసిన హద్దు గుహ కప్పు మీది నేలంతా అవుతుంది, సిమెంటు కోసం, బండల కోసం తవ్వే క్వారీలతో సహా. తవ్వకానికి అనుమతి ఇచ్చే ముందు కింద బిలాలు ఉన్నాయేమో, వాటిలో ఏ జీవులున్నాయో సర్వే చేయాలని అడగడం అభివృద్ధికి అడ్డుపడటం కాదు.

అన్వేషకులకూ క్రమశిక్షణ కావాలి. 2006లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో మొదట కనిపించిన తెల్లముక్కు వ్యాధి లక్షల సంఖ్యలో గబ్బిలాలను చంపింది. దానికి కారణమైన శిలీంధ్రం మనుషుల బూట్లకు, తాళ్ళకు అంటుకుని ఒక గుహనుంచి మరో గుహకు చేరగలదు. అందుకే అనుభవజ్ఞులు ప్రతి గుహ తరువాత సామాను శుభ్రం చేస్తారు, నిద్రలో ఉన్న గబ్బిలాల మీద టార్చి వేయరు, కొత్తగా కనుగొన్న గుహ ఆనవాళ్ళను అందరికీ చెప్పరు. ఒక చిన్న బిలం ఫొటో చూసి లొకేషన్ పంపమని ఈమధ్య కొందరు మిత్రులు అడిగారు. నేను పంపలేదు, బెలుం వెళ్ళే దారి మాత్రం చెప్పాను.