ఒక్క మెయిల్ ఐడీతో ప్రిపేర్ అయి నేను పడ్డ తిప్పలు

గ్రూప్-2కి ఏ బుక్స్ చదివానని చాలామంది అడుగుతున్నారు. అది ఇంకోసారి రాస్తాను. ఈసారి ఏ సిలబస్‌లోనూ లేని సంగతి ఒకటి చెప్తాను.

కోచింగ్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకున్న మొదటి నెలలోనే నా మెయిల్ ఐడీని ఊరంతా పంచేశాను. కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్ కావాలంటే మెయిల్ ఇవ్వాలి. ఫ్రీ మాక్ టెస్ట్ రాయాలన్నా, పాలిటీ నోట్స్ నాలుగు పేజీలు చూడాలన్నా మెయిలే. ఆర్నెల్లు తిరిగేసరికి పొద్దున లేచి ఫోన్ తీస్తే నలభై మెయిళ్లు. 'ఈ రాత్రితో ఆఫర్ ఆఖరు' అని రోజూ వచ్చేది. ఏడాదైనా ఆ రాత్రి రాలేదనుకోండి. ఆ గోలలో బ్యాంక్ పరీక్ష కాల్ లెటర్ మెయిల్ ఎక్కడో కిందికి జారిపోయింది. 'నీకు సెంటర్ ఎక్కడ పడిందిరా?' అని రూమ్మేట్ అడిగితే గానీ నాకు తెలీలేదు. అప్పటికి పరీక్ష మూడు రోజులే ఉంది.

ఆ భయంతో ఇంకో తప్పు చేశాను. పది నిమిషాల్లో మాయమయ్యే టెంపరరీ మెయిల్ సైట్లు ఉంటాయి కదా, ఇక అన్నిటికీ అవే వాడాను, డబ్బు కట్టిన టెస్ట్ సిరీస్‌కి కూడా! ఫోన్ మార్చాక పాస్‌వర్డ్ గుర్తు రాలేదు. రీసెట్ లింకు మెయిల్‌కి పంపామని స్క్రీన్ మీద వచ్చింది. ఆ మెయిల్ ఉంటే కదా! 30 టెస్టుల్లో ఏడే రాశాను, మిగతావి గోవిందా.

మెయిలినేటర్ లాంటి వాటిలో ఇంకో తలనొప్పి. అక్కడి పబ్లిక్ ఇన్‌బాక్స్‌కి పాస్‌వర్డ్ ఉండదు, పేరు కొట్టిన వాళ్లెవరైనా చదవొచ్చు. సులువుగా గుర్తుంటుందని ఓసారి 'గ్రూప్2' లాంటి పేరు కొట్టాను. ఎవరివో మెయిళ్లు తెరుచుకున్నాయి. అందులో ఒకటి పాస్‌వర్డ్ మార్చుకునే లింకు. వెంటనే మూసేశాను గానీ, అందరూ మూసేస్తారా?

అందుకే టెంపరరీ మెయిల్ ఒక్కసారి డౌన్‌లోడ్ చేసి వదిలేసే పీడీఎఫ్‌కి చాలు. మళ్లీ లాగిన్ కావాల్సిన చోట ఎలియాస్ పెట్టండి. అది కేరాఫ్ అడ్రస్ లాంటిది. ఉత్తరం అక్కడికొచ్చి, అక్కణ్ణించి మన ఇంటికి చేరుతుంది. పంపినవాడికి మన ఇల్లు తెలీదు. విసుగొస్తే ఆ ఒక్క ఎలియాస్ ఆపేస్తే సరి. ఇలాంటి ఎలియాస్‌లు ఇచ్చే సర్వీసుల్లో ఫైర్‌ఫాక్స్ రిలే ఐదు, సింపుల్‌లాగిన్ పది ఉచితంగా ఇస్తున్నాయి, మనకు అవి ఎక్కువే. ఐఫోన్ వాళ్లకు ఐక్లౌడ్ ప్లస్‌కి డబ్బు కడితే ఇదే పని చేసే 'హైడ్ మై ఈమెయిల్' ఉంటుంది.

ఏ యాప్ వద్దనుకుంటే జీమెయిల్‌లోనే చిన్న చిట్కా ఉంది. @ ముందు, మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏదైనా పదం కలపండి, మెయిల్ మీకే వస్తుంది. దీంతో అసలు ఐడీ దాగదు, ప్లస్ తీసేస్తే ఎవరికైనా కనిపిస్తుంది. కొన్ని ఫారాలు ప్లస్‌ని ఒప్పుకోవు కూడా. కానీ మన ఐడీ ఎవరి దగ్గర్నుంచి బయటికి పోయిందో పట్టేయొచ్చు. ఒక నోట్స్ సైట్‌కి 'పాలిటీ' అని కలిపి ఇచ్చాను. రెండు నెలలకు అదే అడ్రస్‌కి షాద్‌నగర్ దగ్గర ప్లాట్ల ప్రకటన వచ్చింది. ఆర్టికల్ 21 చదువుకుందామని వెళ్తే గజం రేటు చెప్తున్నారు!

ఇక అసలైన అప్లికేషన్ల దగ్గర ఈ తెలివితేటలు వద్దు. టీజీపీఎస్సీ, ఏపీపీఎస్సీ, యూపీఎస్సీ, ఎస్సెస్సీ, ఐబీపీఎస్ అన్నిటికీ కలిపి ఒక సొంత జీమెయిల్ తెరిచి, దాన్ని ఇంకెవరికీ ఇవ్వకండి. రిక్రూట్‌మెంట్ పూర్తయ్యేదాకా మెయిల్ పనిచేస్తూ ఉండాలని ఐబీపీఎస్ నోటిఫికేషన్‌లోనే రాస్తారు. మన దగ్గర పూర్తవడమంటే ఒక్కోసారి ఏళ్లే. మధ్యలో ఎలియాస్ సర్వీసు మూతపడితే ఎవర్నడుగుతాం? ఫొటోలతో గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండినా మెయిళ్లు రావడం ఆగిపోతుంది, అదీ చూసుకోండి.

మా ఊళ్లో నెట్ సెంటర్ అన్న అందరి అప్లికేషన్లలో తన మెయిలే పెట్టేవాడు. మంచోడే, పని తొందరగా అవ్వాలని అలా చేసేవాడు. మీ ఫారం కూడా అలాగే నింపించి ఉంటే, ఎడిట్ ఆప్షన్ ఉందేమో ఈరోజే చూడండి.

కోచింగ్ వాళ్ల ఫోన్ కాల్స్‌కి మాత్రం ఇవేవీ పనిచేయవు. ప్రకటనల కాల్స్ వద్దని నేను 1909కి డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) పెట్టాను. కాల్స్ కొంచెం తగ్గాయి, అంతే.