ఇసకపల్లి ఉప్పు మడుల్లో సైబీరియా పిట్టలు

ధ్రువపు ఎలుగుబంటినీ పెంగ్విన్‌నూ ఒకేచోట చూడాలని మా పాప ఒకటే గొడవ. ఒకటి ఉత్తరాన, ఇంకొకటి దక్షిణాన ఉంటాయమ్మా అని చెప్పినా వినదు. సరే, ఆర్కిటిక్‌లో పుట్టిన ప్రాణినే మన నెల్లూరు జిల్లాలో చూపిస్తా రమ్మని, పోయిన జనవరిలో తెల్లారుజామున బస్సెక్కించాను.

అల్లూరులో దిగి ఆటోలో ఇసకపల్లి ఉప్పు మడుల దగ్గరికి చేరేసరికి ఇంకా మంచు విడలేదు. చీలమండ కూడా మునగని నీళ్లలో బూడిదరంగు పిట్టలు, కిందికి వంగిన ముక్కుల్ని కుట్టుమిషన్ సూదిలా బురదలో దించుతూ తీస్తూ ఉన్నాయి. ఉల్లంకి పిట్టల జాతి, కర్లూ శాండ్‌పైపర్ అంటారు. వాటి కాళ్ల దగ్గరే లిటిల్ స్టింట్లు, పిచ్చుకంత ఉంటాయి, తూస్తే 30 గ్రాములు అటూఇటూ.

ఈ వంపుముక్కువి పుట్టేది సైబీరియా ఉత్తరపు కొసన, తైమీర్ లాంటి చోట, చెట్టన్నదే లేని టండ్రాలో. సూర్యుడు అస్తమించని ఆ కొద్ది వారాల్లోనే నేలమీద గుడ్లు పెట్టి పిల్లల్ని చెయ్యాలి. తండ్రి ముందే వెళ్లిపోతుంది, కొన్నాళ్లకు తల్లీ బయల్దేరుతుంది, పిల్లలు మాత్రం దారి చూపే పెద్దలు లేకుండానే వేల కిలోమీటర్లు ఎగిరి వస్తాయి. ఇది విని పాప చాలాసేపు మాట్లాడలేదు. నాకూ గొంతు పట్టేసింది.

లెమ్మింగ్ అనే బొద్దు ఎలుకలు తక్కువైన ఏడాది అక్కడి నక్కలు ఈ పిట్టల గుడ్లమీద పడతాయి, ఆ ఏడు ఇటు వచ్చే పిల్ల పిట్టలు తగ్గిపోతాయి. అంటే తైమీర్‌లో ఎలుకల లెక్క ఇసకపల్లిలో తేలుతుంది! 2024లో ఈ జాతిని ముప్పులో ఉన్నవాటి జాబితాలో చేర్చారు. మన వైపు నాకున్న భయం రొయ్యల గుంటలు. పల్చటి నీళ్ల మడి లోతు గుంటగా మారితే ఈ పొట్టి కాళ్లకు నిలబడే చోటెక్కడ?

ఉప్పు లాగుతున్న పెద్దాయన్ని అడిగితే, "ఎండలు ముదిరేటప్పటికి కొన్నిటి పొట్టలు ఇటుక రంగుకు తిరుగుతాయి సార్, ఆ తర్వాత కనపడవు" అన్నాడు. గుడ్లు పెట్టే కాలానికి వాటికొచ్చే రంగు అది, ఆయన ఏటా చూస్తున్నాడు. ఆ ఎర్రపొట్టల్ని చూడాలని పాప అప్పుడే క్యాలెండర్‌లో ఏప్రిల్ నెల మీద గుర్తు పెట్టేసింది.