ఐస్ హాకీ నేషనల్స్: మేనేజర్ ఫైలుతో నా అనుభవం

"టీమ్ మేనేజర్‌గా ఎవరుంటారు?" అని మీటింగులో అడిగితే తల దించుకుని ఫోన్ చూసుకోండి. అన్నిటికన్నా ముందు నేనిచ్చే సలహా ఇదే. మా 14యూ (14 ఏళ్లు, ఆలోపు పిల్లల విభాగం) టయర్-2 (రెండో స్థాయి) జట్టు, అమెరికాలో ఐస్ హాకీని నడిపే యూఎస్ఏ హాకీ సంస్థ జరిపే నేషనల్స్ (జాతీయ పోటీలు) ఆడి ఇప్పుడే వచ్చింది. మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

నేషనల్స్ ఉండేది 14యూ నుంచే, 12యూ పిల్లలకు లేవు. వయసు లెక్క పుట్టిన సంవత్సరాన్ని బట్టి: 2025–26 సీజన్‌లో 14యూ అంటే 2011, 2012లో పుట్టినవాళ్లు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది. ట్రయౌట్లు, ఫీజులు, లీగ్, మా దగ్గరి క్వాలిఫయింగ్ అన్నీ సాఫీగానే జరిగిపోయాయి. పిల్లలు ఆడారు, గెలిచారు. అసలు ఆట ఫైలుతో మొదలవుతుంది.

ఆ ఫైలును క్రెడెన్షియల్ బుక్ అంటారు. రిజిస్ట్రార్ (జట్ల నమోదు చూసే అధికారి) సంతకం చేసిన రోస్టర్ (ఆటగాళ్ల జాబితా), ప్రతి పిల్లాడి జనన ధ్రువీకరణ, వైద్యానికి తల్లిదండ్రుల అనుమతి పత్రం, కోచ్‌ల అర్హతలు, సీజన్ మొత్తం స్కోర్‌షీట్లు అందులో ఉండాలి. రోస్టర్‌లో 20 మందికి మించకూడదు, అందులో గోలీలు (గోల్‌కీపర్లు) కాని స్కేటర్లు 18 మందే. డిసెంబర్ 31 దాటాక కొత్తవాళ్లను చేర్చడం కుదరదు. కోచ్‌లకు సేఫ్‌స్పోర్ట్ శిక్షణ (ఆటగాళ్లను వేధింపుల నుంచి కాపాడేందుకు) ఏటా, బ్యాక్‌గ్రౌండ్ స్క్రీనింగ్ రెండేళ్లకోసారి. కాగితం ఉందా అని కాదు, గడువు ఏ తేదీకి ముగుస్తుందో చూడండి. సీజన్ మధ్యలో గడువు అయిపోయిన కోచ్ బెంచ్ మీద నిలబడటానికి లేదు. 18యూ మేనేజర్లు ఇంకొకటి చూసుకోవాలి: సీజన్‌లో 18 నిండే ఆటగాడు కూడా సేఫ్‌స్పోర్ట్ శిక్షణ పూర్తి చేయాలి. చాలామంది అది కోచ్‌లకే అనుకుంటారు.

స్కోర్‌షీట్ల సంగతి. జట్టు కనీసం 20 మ్యాచ్‌లు ఆడి ఉండాలి, ఒక్కో ఆటగాడు కనీసం 10. రాని పిల్లాడి పేరు షీట్ మీద కొట్టేయకపోతే ఆడినట్టే లెక్క పడుతుంది, తర్వాత అవతలి జట్టు దాన్నే పట్టుకుంటుంది. జెర్సీ మర్చిపోయి వేరే నంబరు వేసుకుంటే అక్కడే సరిచేయించాలి. సస్పెన్షన్ అనుభవించిన మ్యాచ్‌లో ఆ సంగతి ఆ షీట్ మీదే రాయించాలి. రెఫరీ రింక్ దాటకముందే సంతకం చూసుకోవాలి, ఇంటికెళ్లాక అతను దొరకడు. మ్యాచ్ అయిన రాత్రే షీట్లను తేదీ వరసలో పెట్టేయండి. నా ఫైలులో ఒక్క షీటు కూడా వెనక్కి రాలేదు. మెచ్చుకునేవాళ్లు లేరు గనుక నేనే చెప్పుకుంటున్నాను.

ఇక నన్ను నలుగురిలో నిలబెట్టి తల వంచుకునేలా చేసిన కాగితం ఒకటుంది. మా గోలీ హైదరాబాద్‌లో పుట్టాడు. మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రంలో పిల్లాడి పేరు గడి ఖాళీ. మనకిది వింతేం కాదు. జననం 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, అప్పటికి బారసాల కూడా అయి ఉండదు. పేరు తర్వాత చేర్పించుకోవాలి, ఎవరూ చేర్పించరు. నేషనల్స్‌కు ముందే ఈ ఫైళ్లు తనిఖీ చేసే క్రెడెన్షియల్ బల్ల దగ్గర కూర్చున్నావిడ కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇది ఏ పిల్లాడిదైనా కావచ్చు కదా" అంది. పాస్‌పోర్ట్ ఇచ్చాను. అందులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా ఒకే గడిలో ఉంది. అందువల్ల వీసాలో ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) పడింది. యూఎస్ఏ హాకీ రిజిస్ట్రేషన్‌లోనేమో వాళ్ల నాన్నగారు చక్కగా పేరు, ఇంటిపేరు విడదీసి రాశారు. మూడు కాగితాల్లో ముగ్గురు పిల్లలు.

ఇది చాలదన్నట్టు పుట్టినతేదీ 05/11/2012. ఆవిడ మే 11 అని చదివింది. రిజిస్ట్రేషన్‌లో ఉన్నది నవంబర్ 5. "ఈ అబ్బాయికి రెండు పుట్టినరోజులా?" అని గట్టిగానే అడిగింది. వెనక వరసలో ఉన్న మేనేజర్లు నవ్వారు. మే అయినా నవంబర్ అయినా సంవత్సరం 2012యే కదా, వయసు విభాగం మారదు కదా అన్నాను. రూలు రూలే అంది. ఎవరికీ లాభం లేని తేడాను మోసంలా చూడటం ఏ రూల్‌బుక్‌లో ఉందో నాకు తెలియదు. ఆ బల్ల దగ్గర మాత్రం వాదించకండి, ఫైలు ఇంకా కిందికి వెళ్లిపోతుంది.

తేదీ గొడవ వీసా పేజీతో తీరింది. అక్కడ నెల అంకెల్లో కాకుండా అక్షరాల్లో ఉంటుంది: 05 తర్వాత నవంబర్, ఆపైన సంవత్సరం. పాస్‌పోర్ట్ ఫొటో పేజీ పక్కనే వీసా పేజీ కాపీ పెట్టండి, ఒకదాన్ని చూసి రెండోది చదువుకుంటారు. పేరుకు రెండు దార్లు. హైదరాబాద్‌లో తాతయ్యో మామయ్యో ఉంటే మున్సిపాలిటీలో పేరు చేర్పించవచ్చు. పుట్టిన ఏడాదిలోపు రుసుము ఉండదు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేరుస్తారు. అంటే 14యూ ఆడే పిల్లాడికి గడువు దాదాపు దగ్గరపడినట్టే. లేదంటే పాస్‌పోర్ట్ ఆధారంగా భారత కాన్సులేట్ జనన ధ్రువీకరణ పత్రం ఇస్తుంది, దానికి అపాయింట్‌మెంటు, తపాలా సమయం కలుపుకోండి. మేం మొదటి దారి పట్టాం. రిజిస్ట్రేషన్‌లో పేరు కూడా పాస్‌పోర్ట్‌కి సరిపోయేలా మార్పించాం. ఆ మార్పు మన లాగిన్‌లో కాలేదు, రిజిస్ట్రార్ చేత చేయించుకోవాల్సి వచ్చింది. ఇవన్నీ సెప్టెంబర్‌లోనే కానివ్వండి, మార్చిలో ఎవరూ ఫోన్ ఎత్తరు. పిల్లలకు పేరు పెట్టేటప్పుడు నక్షత్రం, పాదం, మొదటి అక్షరం అన్నీ చూస్తాం కానీ పాస్‌పోర్ట్ ఫారంలో ఎన్ని గడులున్నాయో మాత్రం చూడం.

సామాను సంగతి క్లుప్తంగా. మెడ రక్షణ తొడుగు 2024 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి, ఒకటి అదనంగా పెట్టుకోండి. హెల్మెట్ వెనక హెచ్‌ఈసీసీ (హాకీ సామాను భద్రతను ధ్రువీకరించే సంస్థ) స్టిక్కర్ చూడండి, తయారైన తేదీ నుంచి ఆరున్నరేళ్లే చెల్లుతుంది. అన్నదగ్గర నుంచి తమ్ముడికి వచ్చిన హెల్మెట్లు ఇక్కడే దొరికిపోతాయి. మౌత్‌గార్డ్ రంగుది కావాలి, పారదర్శకమైనది కుదరదు. స్కేట్లు బయలుదేరేముందు మీ షాపులోనే మీకు అలవాటైన హాలోతో (బ్లేడు అడుగున ఉండే గాడి వంపు) సాన పట్టించండి. కొత్త ఊళ్లో అరంగుళం హాలో అని చెప్పినా వాళ్ల మెషీన్‌లో ఏముంటే అది పట్టేస్తారు, తర్వాత పిల్లలు మలుపుల్లో జారిపోతారు.

నేషనల్స్‌లో మా ఫైలు చూసినాయన రెండు పేజీలు తిప్పి పక్కన పెట్టాడు. అసలు కాగితాలు వెంటనే తిరిగి తీసుకోండి, టోర్నమెంటు అయ్యేదాకా బల్ల మీద వదలకండి. హోటల్ మాత్రం టోర్నమెంటు వాళ్లు చెప్పిన జాబితాలోంచే బుక్ చేయాలి. పక్క వీధిలో సగం ధరకు గది ఉన్నా పనికిరాదు.