నాలుగొందల రేటింగ్ తేడాతో చదరంగం: ఇప్పటిదాకా

నాతో చదరంగం ఆడే మావాడి రేటింగ్ 1900 పైన, నాది 1500 దగ్గర. ఆటగాళ్ల బలాన్ని అంకెల్లో చూపే ఎలో లెక్కలో 400 తేడా ఉంటే కిందివాడికి పదకొండు ఆటలకు సుమారు ఒక పాయింటు (గెలుపుకు ఒకటి, డ్రాకు అర) రావాలి. అందుకే గెలుపు సంగతి పక్కనపెట్టి, ఆట ఎంతదాకా నిలబడుతోందో చూసుకుంటున్నాను.

మొదట్లో వాడు ఒక గుర్రం తీసేసి ఆడేవాడు. నాకది నచ్చలేదు. చేతిలో ఒక పావు ఎక్కువుంటే దొరికినవన్నీ మార్చేసుకోవడం తప్ప ఇంకో ఆలోచన రాదు. పైగా గుర్రం లేని ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తులు) బయట ఎవరితోనూ పడదు. ఇప్పుడు తేడా గడియారంలో పెట్టుకున్నాం: నాకు 15 నిమిషాలు, వాడికి 3. పావులన్నీ బల్లమీదే ఉంటాయి, ఆట అసలైన ఆటే. బలం తక్కువున్నవాడు నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదని నా గట్టి నమ్మకం.

నల్లపావులతో కారో-కాన్ ఒక్కటే ఆడుతున్నాను, అంటే తెల్లబంటు ఈ4 గడికి వస్తే నా బంటును సీ6కి తోసే ఓపెనింగ్ (గడి పేరులో అక్షరం నిలువు వరుసది, అంకె అడ్డ వరుసది). మూడో ఎత్తుకే వాడు బంటును ఈ5 గడికి తోస్తాడు. నా బంటును ఈ6 గడికి తోయకముందే ఒంటెను ఎఫ్5కి తెచ్చేస్తాను, లేకపోతే అది లోపలే ఇరుక్కుంటుంది. తర్వాత బంటును సీ5కి తోసి వాడి మధ్య బంట్లను కదిలించడం.

నిజమైన మార్పు ఎండ్‌గేమ్‌లో, అంటే పావులు కొన్నే మిగిలే చివరి దశలో వచ్చింది. మొన్నటి ఆటలో చివరికి వాడికి ఏనుగు, ఒక బంటు. నాకు ఏనుగు మాత్రమే. నా రాజు ఈ8లో, వాడి రాజు డీ5లో, బంటు ఈ5లో. ఫ్రెంచ్ ఆటగాడు ఫిలిడోర్ 18వ శతాబ్దంలోనే చూపించిన దారి ఇక్కడ పనికొచ్చింది. ఏనుగును ఆరో వరుసలో నిలిపి వాడి రాజును పైకి రానివ్వలేదు. బంటు ఈ6కి రాగానే, వాడి రాజుకు ఇక చాటు లేదు కాబట్టి, ఏనుగును ఏ1 గడికి దింపి వెనకనుంచి చెక్‌లు మొదలుపెట్టాను. “ఇంక చాల్లేరా, డ్రా” అని చేయి చాపాడు. ఎంత సంతోషమేసిందో!

ఎండ్‌గేమ్ కోసం హరికృష్ణ ఆటలు చూడమంటాడు మావాడు. గుంటూరు నుంచి వెళ్లి 2001లో గ్రాండ్‌మాస్టరైన ఆయన ఆటల్లో తొందర కనిపించదు.

ఆట అయ్యాక వెంటనే ఇంజిన్ (ఎత్తులను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) తెరవం. ముందు ఇద్దరం నోటితో చెప్పుకుంటాం. వాడు ప్రతిసారీ అడిగేది ఒకటే: “ఇక్కడ నేనేం ఆడతాననుకున్నావురా?” ఆ జవాబు నోట్‌బుక్‌లో రాసుకున్నాకే ఇంజిన్ లెక్క చూస్తాం. నాకు ఎక్కువ పనికొస్తున్నది ఈ అలవాటే.

వచ్చే నెల నుంచి వాడికి 5 నిమిషాలు. ఈలోగా లూసీనా పొజిషన్ (ఏనుగుతో పాటు బంటు ఉన్నవాడు గెలిచే ఎండ్‌గేమ్ స్థితి) రెండువైపుల నుంచీ ఆడి చూడాలి.